నాకంటే ముందే వచ్చి చెప్పిపోయిన పిల్ల

దయ్యాలు, గాలి సోకడం, చేతబడి లాంటివి నేను ఏనాడూ నమ్మలేదు. గొప్పకు చెప్పడం లేదు. గొర్లు కాచే ఇంట్లో పుట్టినదాన్ని. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో మా బాపు వెంట పోయి చెలకల్లో మంద పక్కనే పడుకునేదాన్ని. చీకట్లో ఏ చప్పుడు నక్కదో, ఏది ఉత్త గాలిదో నాకు తెలుసు. నర్సింగ్ హాస్టల్లో పిల్లలు తెల్లచీర కథలు చెప్పుకుని ఒకరి మంచంలోకి ఒకరు దూరుతుంటే, నేను దుప్పటి ముసుగు తన్ని హాయిగా నిద్రపోయేదాన్ని.

నా భయమంతా మనుషులంటేనే. నలుగురు నా వైపు తిరిగి, ఈ పిల్ల ఏం చెబుతుందా అని చూస్తే చాలు, నోరు ఎండిపోయేది.

ఇప్పుడు చెప్పబోయేది నల్గొండ వైపు ఒక దవాఖానలో జరిగింది. పేరు చెప్పను. నాతో పనిచేసినవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. తెలంగాణ వచ్చిన తర్వాత కొన్నేళ్లకు, నేను నర్సింగ్ చదువుతున్న రోజులవి. ఇందులో అర్ధరాత్రులు లేవు, అమావాస్యలు లేవు. అంతా పట్టపగలు, ఫినాయిల్ వాసన మధ్య, నిండా జనం ఉన్న ఆడవాళ్ల వార్డులో జరిగింది. అందుకే ఇన్నేళ్లయినా తేలిగ్గా కొట్టిపారేయలేకపోతున్నాను.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. డ్యూటీ మారేటప్పుడు ఒక్కో మంచం దగ్గర ఆగి, ఆ పేషెంటు సంగతి పైకి చెప్పాలి, దాన్నే రిపోర్ట్ అంటాం. పేరేమిటి, ఎందుకు చేరింది, రాత్రి ఎట్లా గడిచింది, ఈరోజు ఏం చేయాలి, అన్నీ. వచ్చినవాళ్లు వినాలి, పేషెంటు కూడా వినాలి. చెప్పింది తప్పయితే పేషెంటే దిద్దుతుందని ఆ ఏర్పాటు. నా వంతు వచ్చిందంటే మాత్రం ఎవరికీ ఏమీ వినపడేది కాదు. పైగా కాలేజీలో అందరి ముందు పుస్తకాల తెలుగు మాట్లాడాలని నా తంటాలు. ఇంట్లో మాట నాలుక దాకా వచ్చేది, దాన్ని సరిదిద్దుకునేలోపు గొంతు మూసుకుపోయేది.

ఒకసారి ఒక పేషెంటే విసుక్కుంది. "ఏందమ్మా, నేను సచ్చినట్టు గుసగుసలు వెట్టవడ్తివి? నా పేరన్న జర గట్టిగ అను." వార్డంతా నవ్వింది. నేను బాత్రూములోకి పోయి ఏడ్చాను.

మా ట్యూటర్ సలోమి మేడమ్ మాత్రం నవ్వలేదు. మిర్యాలగూడ దగ్గర పల్లె ఆమెది, కూలి చేసుకునే ఇల్లు. సాయంత్రం నన్ను ప్రాక్టీసు గదిలోకి పిలిచింది.

"మా నాయిన కూలికి పోయిన కాడ తలెత్తి మాట్లాడలే. నేను గూడ గట్లనే వచ్చిన గీ చదువుకు. నాకు తెల్వదా నీ బాధ?" అంది. తర్వాత ఆమె గొంతు మారింది. "గని మల్లీ, ఒక్కటి ఇను. తప్పు మందు పోతాంటే చూసుకుంట నోరు మూసుకున్నవనుకో, ఆ మనిషి నీ కండ్ల ముందే పోతది. నువ్వు మంచిదానివైతే ఏం లాభం? వార్డ్ లీడర్ వంతు నీకు ఇస్త. గప్పటికి గొంతు తెచ్చుకో. లేకుంటే నిన్ను మళ్ల వార్డుకు పంప."

ఆమె చెప్పిన సాధన ఇది. రోజూ వార్డుకు పోయే ముందు ప్రాక్టీసు గదిలోని నిలువుటద్దం ముందు యూనిఫాంలో నిలబడాలి. నా పేరు చెప్పుకోవాలి. ఈరోజు నేనేం చేయబోతున్నానో పైకి చెప్పాలి. "వార్డును నడిపించుడు తర్వాత. ముందుగాల నిన్ను నువ్వు నడిపించుకో" అనేది.

నడిపించుకున్నాను. అద్దం అంచుల్లో పూత పోయి గోధుమరంగు మరకలు ఉండేవి. నా కుడి కనుబొమ్మ మీది గాటు అద్దంలోని పిల్లకు ఎడమ కనుబొమ్మ మీద కనిపించేది. చిన్నప్పుడు మా పొట్టేలు కుమ్మితే పడిన గాటు అది. మొదట్లో నా గొంతు నాకే వినపడలేదు. పోను పోను కాస్త లేచింది. "నా పేరు మల్లేశ్వరి. ఈరోజు ఈ వార్డు నాది" అని గది మోగేలా అన్న రోజు, నిజం చెబుతున్నాను, ఒళ్లు పొంగిపోయింది.

మిగతాదంతా ఆ తర్వాతే మొదలైంది.

ముందు ఆయమ్మ. వార్డు గుమ్మంలో ఎదురై, బకెట్ కింద పెట్టి, నన్ను ఎగాదిగా చూసింది. "ఇప్పుడే లోపటికి పోయినవ్ గదనే? మళ్ల బయట కెళ్లి ఎట్ల వస్తున్నవ్?" అంది. మా బ్యాచ్ అంతా ఒకే యూనిఫాం, ఒకే జడ. ఎవరినో చూసి ఉంటుంది అనుకున్నాను.

తర్వాత స్వప్న. నా రూమ్మేట్, నా జడ ఆమె అల్లేది, ఆమె జడ నేను అల్లేదాన్ని. ఆమె నన్ను చూసి పొరబడదు. ఒక మధ్యాహ్నం ముఖం గంటు పెట్టుకుని కూర్చుంది. వరండాలో ఎదురుగా వచ్చి, పిలిచినా పలకకుండా పక్కనుంచి పోయానట. "నన్ను జూసి గూడ సూడనట్టు పోయినవ్. లీడర్ అయితవని గిప్పటి సంది షోకు వడ్తున్నవా?" అని దెప్పింది. ఆ సమయానికి నేను లైబ్రరీలో ఉన్నాను. చెబితే నమ్మలేదు. నా నడక కూడా మారిందని చెప్పింది. మామూలుగా నేను గోడ పక్కన ఒదిగి నడుస్తాను. ఆ వేళ వరండా మధ్యలో, తల నిటారుగా పెట్టుకుని పోయానట.

అప్పుడు నాకు మొదటిసారి భయమేసింది. అది దయ్యం భయం కాదు. నాకు రాని నడక ఎవరికో వచ్చిందని, ఆ ఎవరో నా ముఖం పెట్టుకుని తిరుగుతున్నారని. మేడమ్ కోరుకున్న మల్లేశ్వరి ఆమే అయితే, ఇక నేనెందుకు అనిపించింది. అద్దం ముందుకు పోవడం మానేశాను. స్నానాల గదిలో అద్దం వైపు కూడా చూసేదాన్ని కాదు.

అట్లా ఉండగానే, ఒక రోజంతా వార్డు బాధ్యత చూసుకునే నా వార్డ్ లీడర్ వంతు వచ్చింది.

ఎండలు మండుతున్న రోజులు. వార్డులో ఇద్దరు యాదమ్మలు ఉన్నారు. మా జిల్లాలో ఇది వింతేమీ కాదు. యాదగిరిగుట్ట నరసింహస్వామికి మొక్కుకుని పుట్టిన యాదమ్మలు, యాదగిరిలు ప్రతి వార్డులో ఉంటారు. ఒకామె వయసు పిల్ల, మేళ్లచెరువు దగ్గర సున్నపురాయి గనుల్లో కూలి చేసేది. కిటికీ పక్క మంచం ఆమెది. రెండో యాదమ్మ పెద్దామె, ఆలేరు వైపు నుంచి వచ్చింది. ఆమెది ఆ పక్క మంచం. ఇద్దరికీ ఒంట్లో రక్తం తక్కువ. ఇద్దరికీ ఎక్కించాలని రాశారు.

పొద్దున వార్డులో అడుగుపెట్టేసరికి ఎదురు వరుసలో లచ్చవ్వ లేచి కూర్చుని ఉంది. దేవరకొండ వైపు ముసలామె, దమ్ము జబ్బుతో చేరింది. నన్ను చూసి ఆమె ముఖం అదోలా అయింది.

"మళ్ల ఎందుకొచ్చినవే? ఇప్పుడే గద గంత గట్టిగ ఒర్లిపోయినవ్."

నేను ఇప్పుడే వచ్చానని చెప్పాను.

"నా కండ్లు బానే ఉన్నయి బిడ్డా. గా కిటికీ మంచం కాడ నిలవడ్డవ్. 'ఆగుండ్రి సార్, మంచాలు మారిండ్రు, గీ రక్తం ఈమెది కాదు' అన్నవ్. నాకు గుండె దడదడ కొట్టుకున్నది. సారెవరో నాకు కనవడలే. నువ్వొక్కదానివే ఉన్నవ్."

వేరే ఎవరో అయి ఉంటారన్నాను. ఆమె తన కనుబొమ్మ మీద వేలు పెట్టుకుని చూపించింది. "గీ గాటు ఇంకెవలకున్నది?"

కిటికీ వైపు చూశాను. మేళ్లచెరువు యాదమ్మ తన మంచం మీదే ఉంది, టీలో బిస్కెట్ ముంచుకుంటోంది. ఆలేరు యాదమ్మ తన మంచం మీద తల దువ్వుకుంటోంది. ఇద్దరి మీదా ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి. డాక్టరు లేడు. రక్తం ఇంకా రానే లేదు. ముసలామెకు ఊపిరి అందక కలవరింత వచ్చిందనుకున్నాను. అనుకున్నానే గానీ, రిపోర్ట్ చెప్పేటప్పుడు కిటికీ మంచం దగ్గరికి రాగానే నా గొంతు పూర్తిగా పోయింది. డ్యూటీలో ఉన్న సిస్టరే అందుకుని చెప్పాల్సి వచ్చింది.  సలోమి మేడమ్ తల దించుకుని పక్కకు చూసింది. ఆమె తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నం కిటికీ మంచం మీది ఫ్యాన్ కాలిన వాసన వచ్చి ఆగిపోయింది. నేను మెస్‌కు అన్నానికి పోయాను. తిరిగి వచ్చేసరికి వార్డులో సగం మంది కునుకు తీస్తున్నారు. పొద్దున రిపోర్ట్‌లో అనుకున్నట్టే చిన్న యాదమ్మకు ఎక్కించాల్సిన రక్తం సంచి వచ్చింది. హౌస్ సర్జన్ చేతిలో ఉంది. కుర్ర డాక్టరు, పొద్దుటి నుంచి ఏమీ తినలేదని ముఖమే చెబుతోంది. సిస్టర్ వార్డు ఆ చివర మరో పేషెంటుకు వాంతులవుతుంటే పట్టుకుని ఉంది. అక్కడి నుంచే కేకేసింది, కిటికీ మంచం యాదమ్మకు అని.

డాక్టరు కిటికీ మంచం దగ్గర ఆగాడు. "యాదమ్మేనా?"

"అవు సారూ, యాదమ్మనే" అంది మంచం మీది మనిషి.

ఆమె యాదమ్మే. కానీ ఆలేరు యాదమ్మ.

ఏం జరిగిందో చూడగానే అర్థమైంది. ఫ్యాన్ ఆగిపోతే, చిన్నది ఉక్కపోతకు ఆగలేకపోతోందని పెద్దామె తన మంచం ఇచ్చి, తాను కిటికీ ఎండలోకి మారింది. మావాళ్లు ఇట్లాగే చేస్తారు. బస్సులో సీటు ఇచ్చినట్టు మంచం ఇస్తారు, ఎవరినీ అడగరు. కాగితాలు మాత్రం ఎవరి మంచానివి ఆ మంచానికే వేలాడుతున్నాయి. తనకూ రక్తం రాశారని తెలుసు కాబట్టి పెద్దామె చేయి చాపి పడుకుంది. డాక్టరు సూదికి పైపు తగిలించాడు. పైపు మీద చిన్న చక్రం ఉంటుంది, అది తిప్పితే రక్తం దిగుతుంది. ఆయన వేలు దాని మీద ఉంది.

సంచిని, మనిషిని ఇద్దరు కలిసి సరిచూడాలని మాకు నేర్పారు. ఆ రెండో మనిషిని నేనే. ఆ వార్డుకు ఆ రోజు లీడర్‌ను నేనే. నా నోరు తెరుచుకుంది, మాట రాలేదు. ఎదురు వరుసలో లచ్చవ్వ లేచి కూర్చుంది. నా వైపు చూస్తోంది. ఆ చూపులో కంగారు లేదు. ఒకసారి జరిగిపోయినదాన్ని మళ్లీ చూస్తున్నట్టు చూస్తోంది.

"ఆగుండ్రి సార్!"

ఆ కేక నాదని ఒక క్షణం దాకా నాకు తెలియలేదు. "మంచాలు మారిండ్రు. గీ రక్తం ఈమెది కాదు."

పుస్తకాల తెలుగు లేదు, గొంతు వణుకు లేదు. మందను మళ్లించేటప్పుడు మా బాపు వేసే కేక ఎట్లా ఉంటుందో అట్లా వచ్చింది. వార్డంతా నిద్రలేచింది. డాక్టరు ముఖం ఎర్రబడింది. నన్ను కసిరాడు కూడా. కానీ వేలు తీశాడు. పెద్దామె భర్త పేరు అడిగాడు, ఊరు అడిగాడు. సంచి మీది పేరుతో సరిచూశాడు. పైపు ఊడదీశాడు. ఇద్దరి గ్రూపులు వేరు. ఆ రక్తం దిగి ఉంటే ఏమయ్యేదో నర్సింగ్ మొదటి సంవత్సరం పిల్లకు కూడా తెలుసు.

సలోమి మేడమ్ పరుగున వచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. ఆమె ఏడుస్తోంది. ఆలేరు యాదమ్మకు సంగతి తెలిసి, "నా పానం నిలవెట్టినవ్ బిడ్డా" అని నా చేతులు కళ్లకు అద్దుకుంది. అందరూ మెచ్చుకుంటున్నారు. నాకు మాత్రం సంతోషం రాలేదు. స్టూలు మీద కూలబడ్డాను. ఎందుకంటే లచ్చవ్వ పక్క మంచం ఆమెతో మెల్లగా అంటున్న మాట నాకు వినపడుతోంది. "గట్లనే. పొద్దుగాల గూడ అచ్చం గట్లనే అన్నది."

తర్వాత చాలా ఆలోచించాను. ముసలామె చెప్పిన మాటే మనసులో ఉండిపోయి నా నోట వచ్చిందేమో. కావచ్చు. మరి ఆ మాట ఆమెకు ఎట్లా తెలిసింది? ఆమె చెప్పేటప్పటికి ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. మంచాలు మారాలన్న ఆలోచన ఆ ఇద్దరికీ ఇంకా రాలేదు, నేను విడివిడిగా అడిగాను. పొద్దున అరుపు విన్నారా అని ఆయమ్మను కూడా అడిగాను. విన్నదట. ఎవరికో ఫిట్స్ వచ్చాయేమో అని తుడిచే కర్రతో సహా ఉరికి వచ్చిందట. కిటికీ మంచం దగ్గర, మంచం మీది యాదమ్మ తప్ప ఎవరూ లేరట.

ఇంటికి పోయే రోజు లచ్చవ్వ నా గడ్డం పట్టుకుని గాటు మీద బొటనవేలితో రుద్దింది. "ఆ పిల్ల నీలెక్కనే ఉన్నది గని బిడ్డా, దాని మొఖంల నవ్వు లేదు. నువ్వన్న నవ్వుకుంట ఉండు" అంది.

ఆ తర్వాత నాలాంటి ఆ పిల్లను ఎవరూ చూడలేదు. నా గొంతు మాత్రం ఉండిపోయింది. చదువు అయింది, ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు మహబూబ్‌నగర్ వైపు ఒక దవాఖానలో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. నర్సింగ్ పిల్లలు మా వార్డుకు నేర్చుకోవడానికి వస్తారు. మంచం మంచం దగ్గర నిలబెట్టి చెప్పిస్తాను, ఇంట్లో మాట్లాడే మాటలోనే చెప్పమంటాను. నేను రిపోర్ట్ చెబితే బస్టాండ్ దాకా వినపడుతుందని మా వాళ్లు ఆటపట్టిస్తారు. పేషెంట్ల పేర్లు, ఊర్లు వాళ్ల నోటితోనే చెప్పించుకుంటాను. ఎవరు మంచం మారినా నా కళ్ల నుంచి తప్పించుకోలేరు. ఇక అంతా అయిపోయిందనే అనుకున్నాను.

ఈమధ్య ఒక మధ్యాహ్నం స్టోర్ రూమ్‌లో దూది, సెలైన్ చూసుకుని వార్డులోకి వచ్చాను. అత్తకు తోడుగా ఉన్న ఒకామె నన్ను చూసి గబగబా దగ్గరికి వచ్చింది. చేతిలో నీళ్ల గ్లాసు ఉంది.

"మేడం, జర నిమ్మళమైందా మీకు?" అంది.

నాకేమైందని అడిగాను.

"ఇందాక గా మూల మంచం కాడ నిలవడ్డరు గద. నోరు తెరిచిండ్రు, ఏదో చెప్పవోయిండ్రు. మాట వస్తలేదు. రెండు చేతుల్తోని గొంతు వట్టుకున్నరు. నాకు భయమై నీళ్లకు ఉరికిన. వచ్చేవరకు మీరు లేరు."

నేను కాదన్నాను. ఆమె నా కనుబొమ్మ వైపు చూసింది. అడగకముందే నాకు జవాబు తెలిసిపోయింది.

మూల మంచం అప్పుడు ఖాళీగా ఉంది. దుప్పటి మడత కూడా చెదరలేదు.

నాకు దీని అర్థం తెలియదు. తెలిసినట్టు నటించను. నల్గొండలో ఆమె ముందుగా వచ్చి చెప్పింది, ఆ మాట తర్వాత నా నోట వచ్చింది. ఇక్కడ ముందుగా వచ్చి, చెప్పలేకపోయింది. ఆ మంచం మీద ఏదో ఒక రోజు ఎవరో పడుకుంటారు, ఏదో తప్పు జరగబోతుంది, నేను పక్కనే ఉంటాను. ఆ తర్వాత ఆలోచించడం నా వల్ల కావడం లేదు. మా ఇంట్లో కూడా చెప్పలేదు.

చేతనైంది ఒకటే చేస్తున్నాను. ఇప్పటి బ్యాచ్‌లో మక్తల్ వైపు పల్లె నుంచి వచ్చిన ఒక పిల్ల ఉంది. నోట్లో మాట నోట్లోనే నమిలేసే రకం, అచ్చం నాలాగే. రోజూ ఆ పిల్లనే మూల మంచం దగ్గర నిలబెడుతున్నాను. ఎవరు చేరినా, ఎవరూ చేరకపోయినా, అక్కడ నిలబడి రిపోర్ట్ చెప్పిస్తున్నాను. వినపడలేదు, మళ్లీ చెప్పు అంటున్నాను. మొదట్లో ఏడ్చింది. నిన్న ఏడవలేదు.

"మేడం, రోజు గీ మంచం నాకే ఎందుకు ఇస్తున్నరు?" అని అందరి ముందే అడిగింది. వార్డు చివర ఉన్నవాళ్లు కూడా తల తిప్పి చూశారు.

"ఇంకింత గట్టిగ అడుగు బిడ్డా" అన్నాను. నాకు మాట రాని రోజు ఆ మంచం దగ్గర ఆ పిల్ల గొంతన్నా లేవాలి.